దీపాలమ్మ తవ్విన వేలెడు కొండ

మా అక్కకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటి, కొండ కింద సొరంగం పనివాళ్లు పెట్టిన పేరు ఇంకొకటి. నిలిచింది రెండోదే. ఇప్పటికీ ఆ పనివాళ్లలో ఎవరైనా బజార్లో ఎదురుపడితే, "దీపాలమ్మా, బాగున్నావా?" అంటూ ఆగిపోతారు. పక్కనే సంచి మోస్తూ నిలబడ్డ నన్ను ఎవరూ పట్టించుకోరు. దీపాలమ్మ చెల్లెలిగా బతకడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది.

ఆమెకు ఆ పేరొచ్చిన ఏడు అక్క కామర్స్ డిగ్రీ రెండో ఏడాదిలో ఉంది. నాన్న తాళాలు బాగుచేసేవాడు. ఆయన కొట్టు పైనున్న రెండు గదులే మా ఇల్లు. కింద తాళంచెవులు అరగదీసే మెషీను కీచుమంటుంటే పైన మేం చదువుకునేవాళ్లం. ఆ చప్పుడు ఆగితేనే నాకు చదువు మీద నుంచి ధ్యాస పోయేది. అమ్మ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు కుట్టేది.

ఊరికి మాది ఎండు వైపు. కొండ అవతల పెద్ద చెరువు, వానలు, పచ్చదనం. ఇవతల మాకు కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. మెట్ల మీద, వరండాలో, మంచాల కింద, ఎక్కడ చూసినా బకెట్లే. నీళ్లొచ్చే పూట మా వీధిలో ఎవరూ ఎవరినీ పలకరించేవారు కాదు. పలకరింపు పూర్తయ్యేలోపు కుళాయి ఆగిపోతుందని భయం.

కొండను అడ్డంగా తొలిచి అవతలి చెరువు నీళ్లు మా వైపు తేవాలని సొరంగం పని మొదలుపెట్టి అప్పటికే చాలా ఏళ్లయింది. అటు నుంచి ఒక జట్టు, ఇటు నుంచి ఒక జట్టు తవ్వుకుంటూ వస్తున్నాయని అందరూ చెప్పుకోవడమే గాని, కళ్లారా చూసినవాళ్లు మా వీధిలో లేరు.

"రెండు జట్లూ మధ్యలో కలవకపోతే రెండు సొరంగాలవుతాయి. మనకేం, లాభమే," అని నవ్వేవాడు నాన్న.

అక్క అప్పటికే వారాంతాల్లో ఒక చెప్పుల షాపులో పనిచేస్తోంది. పొద్దస్తమానం వంగి జనం పాదాలు కొలవడం. ఎండాకాలం సెలవుల్లో సొరంగం దగ్గర దీపాల గదికి మనిషి కావాలని తెలిసి అక్కడా చేరింది. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ టోపీకి పెట్టుకునే దీపాలు ఆ గదిలో వరసగా చార్జింగులో ఉంటాయి. పనివాడు తన అంకె ఉన్న ఇత్తడి బిళ్ల బోర్డు మీద తగిలించి దీపం తీసుకోవాలి. బయటికొచ్చాక దీపం అప్పగించి బిళ్ల తీసుకోవాలి. అక్క పని ఆ దీపాలు ఇవ్వడం, తీసుకోవడం, బోర్డు మీద కన్నేసి ఉంచడం.

మొదటిరోజు డ్రిల్లింగ్ జట్టు పెద్ద మేస్త్రీ ఆమెను బోర్డు ముందు నిలబెట్టాడు. ఆయన మీసాల మీద ఎప్పుడూ రాతిపొడి ఉండేది. కడుక్కున్నా పోదట.

"అమ్మాయ్, ఇక్కడ బిళ్ల ఉందంటే మనిషి కొండ కడుపులో ఉన్నట్టు. లేదంటే బయటున్నట్టు. ఇంతే ఇక్కడి చదువు."

"నేను పరధ్యానంగా ఉంటే?" అని అడిగింది అక్క.

"ఉండవులే. ఒకసారి ఈ బోర్డు వంక చూశాక ఎవరూ ఉండలేరు," అన్నాడాయన.

నిజంగానే ఉండలేకపోయింది. ఇంటికొచ్చాక కూడా అన్నం తింటూ తింటూ ఆగి, లోపల ఇంకా ఎవరెవరున్నారో తలచుకునేది. వారం తిరిగేసరికి పనివాళ్లందరికీ ఆమె దీపాలమ్మ అయిపోయింది.

మొదటి జీతం వచ్చిన రోజు అక్క మెట్లు ఎక్కుతూనే జీతం స్లిప్పు నాన్న చేతిలో పెట్టింది. ఆయన తాళాల్లోకి చూసే భూతద్దం కంటికి తగిలించుకుని ఆ కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఈ ఇన్‌కమ్ ట్యాక్స్ ఏంటే?"

"నాకూ అదే అంతు పట్టలేదు నాన్నా. స్టూడెంట్లకు ట్యాక్స్ ఉండదు కదా!"

"ఉండదు. ఎవరో పొరపాటున కోసుంటారు. రేపెళ్లి గట్టిగా అడుగు." భూతద్దం తీసి, "మర్యాదగానే అడుగు. కానీ గట్టిగా అడుగు," అన్నాడు.

సొరంగం ఆఫీసులో జీతాలు చూసే పెద్దాయన ఒకడుండేవాడు. అందరూ జీతాలాయన అనేవాళ్లు. అక్క మర్యాదగా, గట్టిగా అడిగింది.

"స్టూడెంట్లకు ట్యాక్స్ ఉండదని ఎవరన్నారమ్మా?"

"అందరూ అంటారు సార్."

"అందరూ అన్నదానికి నా కంప్యూటర్లో గడి లేదు తల్లీ," అన్నాడాయన నవ్వి. "చూడు, ఏడాదికి ఇంత సంపాదించేదాకా పన్ను లేదని ఒక హద్దుంది. ఆ హద్దు మనిషికి ఒక్కటే, ఉద్యోగానికొకటి కాదు. నువ్వు చేరేటప్పుడు చెప్పుల షాపు గురించి రాసిచ్చావు. నీ మినహాయింపు అక్కడ వాడుతున్నారు. కాబట్టి ఇక్కడ నీకిచ్చే జీతంలో మొదట్నుంచీ కోయక తప్పదు."

"కానీ రెండూ కలిపినా నేను ఆ హద్దు దాటను కదా సార్!"

"దాటవు. ఆ సంగతి నీకు తెలుసు, నాకూ తెలుసు. మెషీన్‌కు తెలియదు. ఈ నెల జీతమే నీకు ఏడాదంతా వస్తుందనుకుంటుంది అది. నీకు సెలవులైపోతాయని దానికెవరు చెబుతారు? ఒకసారి పన్నుల ఆఫీసుకెళ్లి కనుక్కో."

అక్క నన్ను తోడు తీసుకుని వెళ్లింది. యుద్ధానికి వెళుతున్నట్టే ఉంది ఆమె నడక. జుట్టు బిగించి ముడేసుకుంది. అంత పెద్ద హాలు నేనెప్పుడూ చూడలేదు. తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టేంత ఎత్తున కప్పు, వరసగా కౌంటర్లు, బెంచీల మీద రకరకాల మనుషులు. సూటు వేసుకున్నాయన పక్కన చేపల వాసనతో ఒకావిడ, ఆవిడ పక్కన రంగు మరకల చొక్కాతో ఒక పెయింటరు. అందరి చేతుల్లోనూ ఒకేలాంటి నంబరు చీటీలు. మా చీటీ పిలవగానే అక్క జీతం స్లిప్పు పట్టుకుని లేచింది.

కౌంటరులో ఉన్నావిడ కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. అక్క చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది.

"స్టూడెంట్ అన్న మాట ఈ రూలులో లేదమ్మా," అంది చివరికి. "నువ్వెవరో మేం అడగం. ఏడాదిలో ఎంత సంపాదించావో అడుగుతాం, అంతే. చదువుకునేవాళ్లలో చాలామందికి పన్ను పడదు. వాళ్లు చదువుతున్నారని కాదు, వాళ్ల సంపాదన హద్దులోపే ఉంటుందని."

"అంటే మా ఇంజనీరు గారికీ నాకూ ఒకటే రూలా?"

"ఒకటే. ఆ మొదటి మెట్టు అందరికీ ఒకటే ఎత్తు. ఆయన దాటి పైకెళ్లాడు. నువ్వింకా దాని కిందే ఉన్నావు."

అక్క కాస్త నిటారుగా కూర్చుంది. నాకు ఇప్పటికీ గుర్తే.

"మరి నా దగ్గర ఎందుకు కోశారు మేడమ్?"

"షాపువాళ్లకు షాపు జీతమే కనిపిస్తుంది. సొరంగంవాళ్లకు సొరంగం జీతమే కనిపిస్తుంది. నీ ఏడాదంతా ఒక్కచోట కలిపి చూసేది మేమే. అదీ ఏడాది అయ్యాకే. అప్పుడు రెండుచోట్ల జీతాలూ చూపించి రిటర్న్ వెయ్యి. ఎక్కువ కోసినదంతా తిరిగొస్తుంది. స్లిప్పులు పారెయ్యకు."

"స్కాలర్‌షిప్ కూడా చూపించాలా?"

"అక్కర్లేదు. అది చదువు కోసం ఇచ్చింది, నువ్వు పనిచేసి సంపాదించింది కాదు."

"షాపులో కస్టమర్లు అప్పుడప్పుడు చేతిలో చిల్లర పెడతారు."

"అది సంపాదనే. కలపాలి."

"ఒక చంటిది చాక్లెట్ కూడా ఇచ్చింది మేడమ్."

ఆవిడ కళ్లజోడు తీసి అక్క మొహంలోకి చూసింది. "చాక్లెట్ తినెయ్యమ్మా," అంది.

బయటికొచ్చాక నాకు నవ్వాగలేదు. అక్క మాత్రం మొహం ముడుచుకునే ఉంది. "రూలు బాగానే ఉందే. కానీ కాలేజీ తెరిచేలోపు పుస్తకాలు కొనాలనుకున్నాను. ఏడాది చివరిదాకా నా డబ్బు వాళ్లు పెట్టుకుని ఏం చేస్తారట?" అని దారంతా గొణుగుతూనే ఉంది.

సెలవులు ముగియవచ్చాయి. ఒకరోజు పొద్దున్నే పెద్ద మేస్త్రీ దీపాల గది కిటికీ దగ్గరికొచ్చాడు. ఆయన వెనకాలే జీతాలాయన, చేతిలో ఫ్లాస్కుతో.

"దీపాలమ్మా, ఇవాళ నువ్వూ ఒక బిళ్ల తగిలించి, దీపం తీసుకుని రా. ఇక్కడ ఈయన కూర్చుంటాడు."

"ఎందుకు సార్?"

"ఇవాళ కలుస్తాం," అన్నాడు మేస్త్రీ.

అన్నాళ్లూ వందలమంది బిళ్లల్ని చూసిన అక్క తన బిళ్లను ఎన్నడూ తగిలించలేదు. బోర్డు మీద అందరి మధ్యా తనదీ ఊగుతుంటే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుందట. ఆ రోజు నేను అక్కడ లేను. తర్వాత ఆమె ఎన్నోసార్లు చెబితే విన్నదే, కానీ ప్రతిసారీ కళ్ల ముందు జరుగుతున్నట్టే ఉండేది.

చిన్న రైలుపెట్టెలో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్లారు. వెనక్కి తిరిగి చూస్తే సొరంగం నోరు ముందు పళ్లెమంత, తర్వాత గుండీ అంత అయి, ఒక వంపులో మాయమైపోయింది. చలి. పైనుంచి బొట్టు బొట్టుగా నీరు. దీపం ఎటు తిప్పితే అటు రాయి, మూడంతస్తుల మేడ పట్టేంత ఎత్తున గుండ్రంగా చెక్కిన రాయి. ఎంతసేపు వెళ్లినా అదే. ఇదంతా మనుషులు తవ్వారని తెలుసు. వాళ్ల దీపాలు రోజూ తుడిచింది తనే. అయినా నమ్మబుద్ధి కాలేదంది. తను చూసింది కిటికీలోంచి అలసిన మొహాలను. ఆ మొహాలు రోజూ ఇక్కడికొచ్చి ఇంత పని చేసి వెళుతున్నాయా అనిపించిందట.

చివర్లో రాతిగోడ. దాని ముందు చేతులు చాచిన డ్రిల్లింగ్ మెషీను. పక్కన సర్వేయరమ్మ, గోళ్లు కొరుకుతూ. అన్నేళ్లుగా ఈ జట్టు ఎటు తవ్వాలో గీత గీసి చూపించింది ఆమే. అవతలి జట్టుకు ఇంకెవరో చూపించారు. ఇద్దరి మధ్యా కొండ.

"ఇవాళ కలవకపోతే నేను ఇటు నుంచి ఇటే కొండెక్కి ఊరు విడిచిపోతాను," అంది ఆమె అక్కతో. నవ్వుతూనే అని, మళ్లీ గోళ్లు కొరకసాగింది.

మెషీను మొదలుపెట్టారు. చెవులు మూసుకున్నా ఎముకల్లో వినబడే మోత. చాలాసేపు అంతే. ఉన్నట్టుండి మోత మారిపోయింది. అదిమి పట్టిన డ్రిల్ కడ్డీ ఒక్కసారి ముందుకు జారింది. మెషీను ఆపేశారు. కడ్డీ వెనక్కి లాగారు. గోడలో పిడికిలి పట్టేంత కన్నం.

కన్నంలోంచి గాలి వచ్చింది. చల్లగా, తడిమట్టి వాసనతో. అటు వాన పడుతోంది. మా వైపు నెలల తరబడి తెలియని వాసన కొండలోంచి వచ్చి మొహాలకు తగిలింది. పెద్ద మేస్త్రీ టోపీ తీసేశాడు. ఎవరూ చెప్పకుండానే మిగతావాళ్లూ తీసేశారు.

తర్వాత అటు నుంచి ఒక వెలుగు చుక్క. దాని వెనకాలే ఒక గొంతు.

"ఎవరక్కడ?"

"మేమే!" అని అరిచాడు మేస్త్రీ.

"మేమే అంటే ఎవరు?"

"కొండలో ఇంకెవరుంటారయ్యా!"

అటూ ఇటూ ఒకేసారి నవ్వులు. నవ్వుతున్నవాళ్ల చెంపలు తడిసి ఉన్నాయంది అక్క. కన్నాన్ని పెద్దది చేసేసరికి సాయంత్రమైంది. అటు నుంచి ఒక చెయ్యి వచ్చింది, మోచేతి దాకా మట్టితో. మేస్త్రీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత అదే చెయ్యి ఒక సీసా అందించింది. చెరువు నీళ్లు, వాళ్లు కాచి చల్లార్చి తెచ్చినవి. కొండలోంచి మా వైపు వచ్చిన మొదటి నీళ్లవే. తలా ఒక గుక్క తాగి సీసా పక్కవాళ్లకిచ్చారు.

సర్వేయరమ్మ కొలత తీసింది. రెండు దారుల నడిమి గీతలకూ అరచేయంత తేడా కూడా లేదు. ఆమె నేల మీద బురదలోనే కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అక్క పక్కన కూర్చుని ఆమె భుజం మీద చెయ్యేసింది.

తిరుగు రైల్లో అక్క సర్వేయరమ్మ పక్కన కూర్చుంది. అడిగిన మొదటి మాట ఇది: "ఇంత పనికి డబ్బెక్కడిదండీ?"

"ఎక్కడిదేంటి? జనం కట్టిన పన్నులదే," అంది సర్వేయరమ్మ. "నీ జీతంలో కోయలేదూ?"

అక్క నాలుక కరుచుకుంది. ఎంత కోశారో చెప్పింది. సర్వేయరమ్మ పెన్ను తీసి అరచేతిలోనే ఏదో హెచ్చవేసి, భాగించి, చూపుడువేలు పైకెత్తి చూపించింది.

"ఇదిగో, ఈ వేలంత మందం. ఇంత పొడవు సొరంగం నీ డబ్బుతో తవ్వినట్టు."

అక్క ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయింది. "వేలెడు కొండ నేను తవ్వించానా?"

"ఇవాళ తవ్విన చివరి వేలెడూ నీదే అనుకో. నేనొప్పుకుంటాను," అన్నాడు మేస్త్రీ ఎదుటి బల్ల మీద నుంచి.

ఇంటికొచ్చి మాకు ఇదంతా చెప్పేటప్పుడు అక్క కూర్చోలేకపోయింది. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, మాటిమాటికీ వేలు ఎత్తి చూపిస్తూ చెప్పింది. నాన్న కొట్టు మూయడం మరిచిపోయి వింటున్నాడు. అడుగున మిగిలిన నీళ్లతో సీసాను అక్కకే ఇచ్చేశారు. అమ్మ చెంచాతో అందరి అరచేతుల్లోనూ కాస్త పోసింది. నాన్న నాలుక మీద ఉంచుకుని చాలాసేపు మింగలేదు.

ఏడాది ముగిశాక అక్క రిటర్న్ వేయడానికి మళ్లీ ఆ హాలుకే వెళ్లింది. ఈసారి జుట్టు బిగించి ముడేసుకోలేదు. కళ్లజోడు ఆవిడ ముందు కూర్చుని, కాగితాలు ఇచ్చే ముందు కొంచెం తటపటాయించింది.

"మేడమ్, ఇది తిరిగి తీసుకోకుండా ఉండొచ్చా? ఆ డబ్బు సొరంగానికి పోయింది కదా."

"ఎందుకు తీసుకోవు?"

"తీసుకుంటే నేను తవ్వించిన ముక్క మళ్లీ పూడ్చినట్టవుతుందేమోనని."

ఆవిడ నవ్వలేదు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. "నీ సంపాదనకు పన్ను లేదని అందరం కలిసి రాసుకున్న రూలు అది. దాన్ని కాదని నీ దగ్గర ఉంచుకుంటే అది నీ గొప్పతనం అవదమ్మా, మా లెక్క తప్పవుతుంది. నువ్విప్పుడు తీసుకో. రేపు బాగా సంపాదిస్తావుగా, అప్పుడు కట్టు. అప్పుడు నువ్వు బతిమాలినా తిరిగివ్వం."

కొన్ని వారాలకు డబ్బు బ్యాంకులో పడింది. వెంట ఒక ఉత్తరం వచ్చింది. నాన్న భూతద్దం పెట్టుకుని చదివి, తల పైకెత్తి, మళ్లీ చదివాడు.

"ఆలస్యమైనందుకు వడ్డీ కలిపారే!"

"ఎంత నాన్నా?"

"ఎంతైతేనేం? వడ్డీ కలిపారు! అంత పెద్ద ఆఫీసుకు తాళాలు బాగుచేసేవాడి కూతురికి ఇంత ఇవ్వాలని గుర్తుందా?" ఆయన ఆ ఉత్తరాన్ని కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకూ చూపించాడు. తాళం పోగొట్టుకుని కంగారుగా పరిగెత్తుకొచ్చినవాళ్లు కూడా ముందు ఆ ఉత్తరం చదివాకే తమ గోడు చెప్పుకోవాల్సి వచ్చేది. అక్క ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కుంది.

సొరంగానికి లోపల గోడలు కట్టి, గేట్లు బిగించి, పైపులు వేసేసరికి ఇంకొంత కాలం పట్టింది. నీళ్లు వదిలిన రోజున మా వీధి మొత్తం కుళాయిల ముందు నిలబడింది. బకెట్లన్నీ నిండాయి. కుళాయి ఆగలేదు. ఇంక పట్టడానికి ఏమీ లేక అమ్మ కుళాయి కట్టేసి, నమ్మకం చాలక మళ్లీ తిప్పి చూసింది. వస్తూనే ఉంది. ఎదురింటావిడ ఎన్నో ఏళ్ల తర్వాత నీళ్ల పూట మమ్మల్ని పలకరించింది.

డిగ్రీ అయ్యాక అక్క నీటి సరఫరా ఆఫీసులోనే జీతాల విభాగంలో చేరింది. మొదటి ఏడాదే ఆ హద్దు దాటింది. పన్ను పడిందని ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆమె గొంతులో పరీక్ష పాసైనవాళ్ల సంబరం. "అమ్మా, ఈసారి తిరిగిరాదు!" అని అరిచింది. అమ్మకు అది శుభవార్తో కాదో అర్థం కాక, "జాగ్రత్తే," అంది.

అక్కకు ఇప్పుడు జుట్టు నెరిసింది. ప్రతి సెలవులకూ ఆ ఆఫీసులో మీటర్లు చదవడానికి, రెయిలింగులకు రంగు వేయడానికి స్టూడెంట్లు చేరతారు. మొదటిరోజే వాళ్లను కూర్చోబెట్టి అన్నీ చెబుతుంది. ఇంకోచోట పనిచేస్తుంటే దాచకండి, మినహాయింపు ఒక్కచోటే, స్లిప్పులు పారెయ్యకండి, ఏడాది అయ్యాక రిటర్న్ వెయ్యండి, మీది మీకొస్తుంది. వాళ్లు ఆవలిస్తూ వింటారు. ఏడాదికోసారి గేట్లు మూసి సొరంగాన్ని లోపలినుంచి పరీక్ష చేసే రోజొకటి ఉంటుంది. ఆ రోజు పై అధికారులను బతిమాలి వాళ్లను కొంతదూరం లోపలికి తీసుకెళుతుంది.

పోయిన ఏడాది నేనూ వెళ్లాను. పొడుగు జుట్టు స్టూడెంటు ఒకడు పొద్దున్నుంచీ తన జీతంలో కోత గురించి సణుగుతూనే ఉన్నాడు. లోపలికి వెళ్లాక అతని మాట ఆగిపోయింది. రాయి అలాగే వదిలేసిన ఒకచోట, డ్రిల్లు చేసిన గాడిలో అరచెయ్యి పెట్టి, తీయకుండా నిలబడ్డాడు.

"దీన్ని మనుషులే చేశారా మేడమ్?"

"మనుషులే," అంది అక్క. "పదండి, గేట్లు ఎత్తే వేళయింది."

బయటికొచ్చి కాలువ మీది వంతెనపై నిలబడ్డాం. కింద ఎండిన సిమెంటు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కొండ లోపల ఎక్కడో బరువైన మోత, కాళ్ల కింద వంతెన సన్నగా అదరడం మొదలైంది. మోత పెరిగి పెరిగి మాటలు వినబడకుండా పోయాయి. తెల్లటి నీళ్లు సొరంగం నోటి నిండా పొంగి, మా కింద నుంచి ఊరి వైపు దూకాయి. తుంపర మా మొహాల మీద పడింది. స్టూడెంట్లు నోళ్లు తెరిచి చూస్తున్నారు. ఇన్నేళ్లుగా ప్రతి ఏడూ చూస్తున్న అక్క వాళ్ల మధ్యలో రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, వాళ్లలాగే నోరు తెరిచి చూస్తోంది.